కాలయంత్రములో మనకు చోటెక్కడ?



ఈ నెల మన శీర్షికలో ఒక సినిమాను గూర్చి వ్రాయుచున్నానంటే కొందరు పెద్దలు కళ్లద్దాలు సవరించుకొని పేరు మరొకసారి చూచుకొందురని ఎరుగుదును. మన సంఘాలలో ఒక తరమువారికి సినిమా హాలు గడప దాటుటయే తప్పు. ఆ వాదము ఇక్కడ ఎత్తను. హాలు ఇప్పుడు మన ఇంటికే, పిల్లల చేతిలోని ఫోనులోనికే వచ్చియున్నది గనుక, మనవారు ఏమి చూచుచున్నారు, చూచి ఏమనుకొనుచున్నారు అని అడుగుట మేలని తోచినది. అడిగితిని. వచ్చిన జవాబులు నేను తలచినవాటికంటె చాలా దూరము వెళ్లినవి.

ఆ సినిమా పేరు ఆదిత్య 369. సింగీతం శ్రీనివాసరావు గారు తీసిన ఈ చిత్రము 1991 జూలై 18న విడుదలైనది. 2025 ఏప్రిల్ 4న దానిని క్రొత్త హంగులతో శుభ్రపరచి మరల హాళ్లలో ఆడించినారు. ఆ వేసవి సెలవులలో మా ఎల్లంతకుంట చుట్టుప్రక్కల ఇండ్లలో పిల్లలు దాని మాటే చెప్పుకొనుచుండిరి. వారితోపాటు పెద్దలును కూర్చుండి చూచినారు. నేను కుటుంబ ప్రార్థనలకు వెళ్లినప్పుడు, ప్రార్థన ముగిసి టీ గ్లాసులు వచ్చు వేళ, "ఎట్లున్నది? మీకు ఏది నచ్చింది?" అని అడుగుచు వచ్చితిని.

చూడనివారి కొరకు కథ రెండు మాటలలో చెప్పెదను. రాందాసు అను ఒక శాస్త్రజ్ఞుడు కాలములో ప్రయాణము చేయగల యంత్రమును తయారుచేయును. కృష్ణకుమార్ అను యువకుడును, ఆ శాస్త్రజ్ఞుని కుమార్తెయు దానిలో మొదట 1526వ సంవత్సరమునకు, అనగా శ్రీకృష్ణదేవరాయల కాలమునకు పోవుదురు. తరువాత 2504వ సంవత్సరమునకు పోవుదురు. ఈ నడుమ రాయలవారి వజ్రమును కాజేయవలెనని చూచు ఒక ధనవంతుడు, వాని కుతంత్రములు. యువకుడుగాను, రాయలుగాను నందమూరి బాలకృష్ణ గారే నటించినారు. మాటలు జంధ్యాల గారివి, సంగీతము ఇళయరాజా గారిది. హెచ్.జి.వెల్స్ అను ఇంగ్లీషు రచయిత 1895లో వ్రాసిన కాలయంత్రపు నవల సింగీతం గారిని చిన్ననాటనే పట్టుకొన్నది. ఆ ఆలోచన విని ముచ్చటపడిన గాయకుడు ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం గారు దానిని నిర్మాత శివలెంక కృష్ణప్రసాద్ గారి చెవిని వేసినారు. చిత్రసమర్పకులుగా పేరు కూడ వారిదే. ఇట్టి కథతో తెలుగులో అంతకుముందు సినిమా లేదు.

మొదట అందరు చెప్పిన మాట చెప్పెదను. పదిమందిని అడిగితే ఎనిమిదిమంది, "రాయల కాలం మంచిగున్నది" అన్నారు. ఆ కోట, ఆ కొలువు, పేకేటి రంగా గారు నిలబెట్టిన ఆ వీధులు. చంద్రమోహన్ గారు తెనాలి రామకృష్ణుడుగా కనిపించగానే ముసలివారి ముఖములు విప్పారినవి. ఇందులో మరియొక సంగతి ఉన్నది. అరువది దాటినవారు ఈ రాయలను ఒంటరిగా చూడరు. 1956లో తెనాలి రామకృష్ణలోను, 1962లో మహామంత్రి తిమ్మరుసులోను రాయలుగా కనిపించిన రామారావు గారిని ప్రక్కన నిలబెట్టుకొని చూతురు. "తండ్రి నడక వేరు, కొడుకు నడక వేరు" అని ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు అరగంట సేపు నాకు వివరించినారు. టీ చల్లారిపోయినది గాని ఆయన చల్లారలేదు.

రాయలు 1509 నుండి 1529 వరకు పాలించినారు. సినిమా యంత్రము ఆగిన 1526 ఆయన పాలన చివరి సంవత్సరములలోనిది. ఆ కాలపు విజయనగరమును కన్నులారా చూచి వ్రాసిపెట్టిన పోర్చుగీసువాడు డొమింగో పేయిస్. ఆయన 1520 ప్రాంతమున వచ్చినాడు. అంగడి వీధిలో కెంపులు, వజ్రములు, పచ్చలు, ముత్యములు అమ్ముట చూచినట్లు వ్రాసినాడు. కనుక సినిమాలోని వైభవము ఊరక కల్పించినది కాదు. మన పిల్లలు ఈ మాటను బడిలో చదివి మరచిపోయినారు. సినిమా చూచి మరల అడుగుచున్నారు. ఇది ఆ చిత్రము చేసిన మేలు అని నేను ఒప్పుకొందును.

అయితే తిప్పాపూర్ వైపు ఒక ఇంటిలో ఒక అవ్వ ఉన్నది. వయస్సు ఎనుబది దాటియుండును, లెక్క ఆమెకును తెలియదు. మనుమలతో కలిసి సినిమా మొత్తము చూచినది. ఇంటిల్లిపాది రాయల కాలమును మెచ్చుకొనుచుండగా ఆమె మంచము మీదనుండి అన్నది: "రాజుల కాలం మంచిగుండె మంచిగుండె అంటున్నరు గని అయ్యగారూ, గప్పుడు మనం యాడుంటిమి?"

ఇంటిలో ఎవరును పలుకలేదు. ఎందుకనగా అందరికిని అర్థమైనది. మా తాతలు ఏ వాడనుండి వచ్చినారో, ఊరి బావి వద్ద ఎంత దూరములో నిలువబడినారో, చెప్పులు చేతబట్టుకొని ఏ వీధి దాటినారో ఆ అవ్వ కన్నులారా చూచినది. అది 1526 కాదు, 1950. మరి నాలుగువందల యేండ్లు వెనుకకు పోయినయెడల మన చోటు ఎక్కడ? యంత్రములోనుండి కొలువు నడుమ దిగుటకు కథానాయకునికి వీలైనది. మనవారు దిగినయెడల కోటగోడ వెలుపలనే దిగుదురు.

ఆమె మాట విన్న తరువాత నేను ఆ వజ్రమును గూర్చియే ఆలోచించితిని. కథ అంతయు ఒక వజ్రము చుట్టు తిరుగును. రాజు దగ్గర ఉన్నది, దొంగ కోరుకొన్నది. దానిని నేలలోనుండి త్రవ్వినవాడు ఎవడు? ఆ ప్రశ్న సినిమాలో లేదు. న్యూనిజ్ అను మరియొక పోర్చుగీసువాడు 1535 ప్రాంతమున విజయనగరమును గూర్చి వ్రాయుచు, ఒక బరువు దాటిన వజ్రములన్నియు రాజునకే అప్పగించవలెనని గనులను గుత్తకు తీసికొన్నవారికి నియమమున్నట్లు చెప్పినాడు. గుత్తదారు చేతినుండి రాజు చేతికి. త్రవ్వినవాని పేరు ఏ పుస్తకములోను లేదు. ఆ పేరు లేనివాడే అవ్వ అడిగిన "మనం".

మరియొక మాట. సినిమా చూచి మనవారు "మన రాయలు" అందురు. అభిమానము మంచిదే. కాని 1526లో మన కరీంనగరు ప్రాంతము ఆయన రాజ్యములోనిది కాదు. గోల్కొండలో సుల్తాన్ కులీ కుతుబ్‌షా ఏలుబడి సాగుచున్న రోజులవి. అదే సంవత్సరము ఏప్రిల్ నెలలో ఉత్తరాన పానిపట్టు యుద్ధము జరిగి బాబరు ఢిల్లీకి వచ్చినాడు. సినిమా యంత్రము మరి ముప్పది తొమ్మిది యేండ్లు ముందుకు జరిగి 1565లో ఆగియున్నయెడల, ఆ రత్నాల అంగడి వీధి కాలుచుండగా చూచియుండును. ఆ వీధులనే నేడు హంపిలో రాతి స్తంభములుగా చూచుచున్నాము. బంగారు కాలమని మనము చెప్పుకొను కాలము ఎంత కురుచదో చూడండి.

ఇప్పుడు భవిష్యత్తు భాగమునకు వచ్చెదను. దీనిని గూర్చి అభిప్రాయములు చీలిపోయినవి. పెద్దలకు ఇది నచ్చలేదు. "బొమ్మలాట లెక్క ఉన్నది" అన్నారు. పిల్లలకు గ్రాఫిక్సు నవ్వు పుట్టించినవి. వారు 2024 జూన్‌లో వచ్చిన కల్కి 2898 ఏడీ చూచిన కన్నులతో చూచుచున్నారు. 1991లో కంప్యూటరుతో బొమ్మలు చేయు సదుపాయము మనవారికి ఎంత తక్కువో వారికి తెలియదు. ముగ్గురు ఛాయాగ్రాహకులు, పి.సి.శ్రీరామ్, వి.ఎస్.ఆర్.స్వామి, కబీర్‌లాల్ గారలు పనిచేసి, ఎక్కువ భాగము కెమెరా నేర్పుతోను, సెట్లతోను నెట్టుకువచ్చిన సినిమా అది. నా మట్టుకు నేను ఆ భాగమును తక్కువ చేయను. చెప్పదలచిన మాటలో అదియే బరువైనది.

ఏమి చూపించినారు? మూడవ ప్రపంచ యుద్ధములో అణుబాంబులు పడి, నేల మీద రేడియేషను నిండి, మనుష్యులందరు భూమి క్రింద నివసించుచుందురు. ఈ సంగతి వ్రాసిన కాలమును గుర్తుచేసికొనవలెను. 1986 ఏప్రిల్‌లో చెర్నోబిల్ అణు కేంద్రము ప్రేలి అయిదు సంవత్సరములే అయినది. ఆ కేంద్రము చుట్టు ముప్పది కిలోమీటర్ల మేర ఊళ్లు ఖాళీ చేయించినారు, నేటికిని అక్కడ మామూలు కాపురములు లేవు. సినిమా విడుదలైన పదమూడవ రోజున, 1991 జూలై 31న, అమెరికా, సోవియట్ అధ్యక్షులు మాస్కోలో అణ్వస్త్రములు తగ్గించుకొను ఒప్పందముపై సంతకము చేసినారు. లోకము ఊపిరి పీల్చుకొన్నది. ఆ యేడాది ముగియకముందే సోవియట్ దేశమే లేకపోయినది. అటువంటి వేళ 2504లో భూమి క్రింద బ్రతుకు అన్నది ఎవరికిని ఎక్కకపోవుట వింత కాదు. తరువాత 1998 మే నెలలో మన దేశము పోఖ్రాన్‌లోను, పాకిస్తాను చాగైలోను అణుపరీక్షలు జరుపుకొన్నవి. భయము మన గడప వరకు వచ్చినది గాని అప్పటికి సినిమా పాతబడినది.

ఈ భాగమును గూర్చి నేను విన్న మంచి మాట ఒక రైతుది. పేరు అడుగవద్దు, ఒప్పుకొనడు. సిరిసిల్ల మార్గములో ఆయనకు రెండెకరముల మడి ఉన్నది. ఆయన యంత్రమును పట్టించుకొనలేదు, పాటలను పట్టించుకొనలేదు. "అందరు భూమి కిందనే ఉన్నరు గదా అయ్యగారూ. మరి వడ్లు యాడ పండుతున్నయి?" అన్నాడు. ప్రక్కనున్న ఆయన బావమరిది సాంచెల మీద పనిచేయువాడు. "వడ్లు సరే, పత్తి యాడిది? ఆ బట్టలు ఎవలు నేసిండ్రు?" అన్నాడు. కూర్చున్నవారందరు నవ్వినారు గాని ఇవి తీసిపారవేయదగిన ప్రశ్నలు కావు. దీపముల వెలుగులో, నాలుగు గోడల నడుమ ఆకుకూరలు పండించుట నేడు కొన్ని దేశములలో జరుగుచున్నది. వరి, పత్తి ఆ విధముగా లోకమంతటికి సరిపోవునట్లు పండించుట మాత్రము ఎవరికిని సాధ్యము కాలేదు. ఇక నేల సంగతి. అణు ధూళిలో ఉండు సీసియం అను పదార్థము ముప్పది యేండ్లకు సగమగును, మరి ముప్పది యేండ్లకు అందులో సగము. అదే లెక్కన అయిదువందల యేండ్లకు దాదాపు లేనట్లే. ప్లుటోనియం సగమగుటకు ఇరువది నాలుగు వేల యేండ్లు పట్టును. కనుక 2504 నాటికి నేల బాగుపడునా అనునది ఏ బాంబు, ఎన్ని బాంబులు, ఎప్పుడు పడినవి అనుదానిపై ఉండును. ఇంత చెప్పగా రైతు, "అయితే మడి మొత్తానికి పోదన్నట్టు" అని తనకు కావలసినది తీసికొన్నాడు.

వెల్స్ నవలకును మన సినిమాకును ఒక తేడా ఉన్నది. వెల్స్ 802701వ సంవత్సరమునకు పోయినాడు. అక్కడ మనుష్యజాతి రెండుగా చీలియుండును. పైన ఎండలో పండ్లు తిని ఆడుకొను సుకుమారులు, క్రింద చీకటిలో యంత్రములు నడుపు మోటువారు. ఇంగ్లండు మిల్లులలోను గనులలోను కూలివారి బ్రతుకును చూచినవాడు గనుక ఆయనకు ఆ ఊహ వచ్చినది. సింగీతం గారు అందరిని క్రిందికే దింపినారు, బీదా గొప్పా లేదు. అది ఆయన మంచి మనస్సు. నాకు మాత్రము నమ్మకము కుదరదు. 2020 మార్చిలో లాక్‌డౌను పెట్టినప్పుడు లోపల ఉండగలిగినవారు ఎవరు, రోడ్డు మీద నడచినవారు ఎవరు మనము చూడలేదా? ఇటుక బట్టీలలో పనికి వచ్చిన ఒరిస్సా కుటుంబములు పిల్లలను చంకనెత్తుకొని నడచినవి. ఒక జబ్బుకే ఇట్లయితే, బాంబు పడినప్పుడు భూగృహము తలుపు అందరికి తెరచుకొనునా? కల్కి సినిమా తీసిన నాగ్ అశ్విన్ గారు ఈ సంగతిని పట్టుకొన్నారు. అందులో ధనికులు పైన ఒక అందమైన లోకములో, మిగిలినవారు క్రింద దుమ్ములో. నూటపాతిక యేండ్లు గడచినను వెల్స్ ప్రశ్న పోలేదు.

అవ్వ ఇంటికే మరల వచ్చెదను. ఆమె మనుమరాలు కరీంనగరులో డిగ్రీ చదువుచున్నది. అవ్వ ప్రశ్నకు ఇంటివారు మౌనముగా ఉండగా ఆ పిల్ల చటుక్కున అన్నది: "అందుకే అవ్వా, నేనైతే ముందటికే పోత. ఎనుకకు పోతె నన్ను బడికి సుత రానియ్యరు." అవ్వ కాసేపు ఆలోచించి, "పో బిడ్డా. కాని పైనుండేటోళ్లెవలో కిందుండేటోళ్లెవలో చూసి ఎక్కు" అన్నది. వెల్స్‌ను చదువలేదు, కల్కి చూడలేదు. నేను ఆ మాటను ఇంటికి వచ్చి వ్రాసిపెట్టుకొంటిని.

అందరును అటు రాజుల వైపో, ఇటు రేపటి వైపో పోలేదు. మా మండలములోని అనంతగిరి గ్రామమును గూర్చి దూరపు పాఠకులకు చెప్పవలెను. కాళేశ్వరము పథకములో భాగముగా అక్కడ మూడున్నర టీఎంసీల జలాశయము కట్టినారు. తిప్పాపూర్‌లోని పంపులు 2020లో నీరు ఎత్తిపోయగా ఊరు అడుగున పడినది. చెరువులు నిండినవి, బోర్లలో నీరు పైకి వచ్చినది, రెండవ పంట వేసినవారు ఉన్నారు. ఈ మేలును కాదనుట న్యాయము కాదు. ఊరివారు వేరుచోట ఇండ్లు కట్టుకొన్నారు. ఇటు మధ్య మానేరు క్రింద కూడ ఊళ్లు ఇట్లే పోయినవి.

అట్లు ఊరు విడిచిన ఒక తల్లిని అడిగితిని. సినిమా చూచినది, నచ్చినదట. "ఆ మిషను నీకు దొరికితే ఏ సంవత్సరమునకు పోదువమ్మా?" అన్నాను. రాజులు వద్దన్నది, రెండువేల అయిదువందలు వద్దన్నది. "ఓ పదేండ్లు ఎనుకకు చాలు. మా వాకిట్ల ఒక్క పూట కూసోని వస్త. చాయ తాగి వస్త." ఆమె భర్త, "వచ్చేటప్పుడు ఆ పెద్ద తలుపు పట్కరా, దానికి లెక్క కట్టియ్యలే" అన్నాడు. ఆమె నవ్వలేదు. ఆ తలుపు మాట వారిలో పాత జగడమని తరువాత తెలిసినది.

ఆ సమాధానము విని సినిమాను గూర్చి నా అభిప్రాయము కొంత మారినది. ఇంతకాలము దీనిని రాయల వైభవము కొరకు, బాలకృష్ణ గారి రెండు వేషముల కొరకు, ఇళయరాజా గారి పాటల కొరకు చూచెడి సినిమా అనుకొంటిని. నేను మొదట చూచినది కూడ చిన్ననాట, టీవీలో, నేల మీద కూర్చుండి, అట్టి ముచ్చటతోనే. ఇప్పుడు చూడగా, ఇది చూచువానిని ప్రశ్నించు సినిమా. దర్శకుడు 1526, 2504 అని రెండు అంకెలు వేసిపెట్టినాడు. మనవారు తమ అంకెలు తాము వేసికొనుచున్నారు. వాటిని బట్టి ఎవరు ఏమి పోగొట్టుకొన్నారో తెలియుచున్నది. కొలువు ఎంత అందముగా తీసినారు అనునది ఒక కొలత. ఆ కొలువులోనికి నన్ను రానిచ్చియుందురా అనునది ఇంకొక కొలత. రెండవదానితో కొలిచినవారు మొదటిదానిని కాదనలేదు. అవ్వ కూడ సినిమా మంచిగున్నదనియే అన్నది.

మన యువకులకు ఒక మాట. ఈ చిత్రమును ఫోనులో ముక్కలు ముక్కలుగా చూడవద్దు. ఇంటిలో పెద్దవారితో కూర్చుండి ఒకేసారి చూడండి. రాజనర్తకి నాట్యము వచ్చినప్పుడు మీ అమ్మగారు లేచి వంటింటిలోనికి పోవచ్చును, పోనిండు. కాని 2504 వచ్చువరకు పెద్దవారిని లేవనీయవద్దు. తరువాత టీవీ ఆపి, ఏ సంవత్సరమునకు పోదువని తాతను అడుగండి. జవాబులు నాకు వ్రాసి పంపినయెడల మరియొక నెలలో కొన్నిటిని ఇక్కడ ముద్రింతును. పేర్లు వేయను.

రైతు జవాబు మాత్రము ఇంకను రాలేదు. రెండుసార్లు అడిగితిని. మొదటిసారి ఆలోచించి చెప్పెదనన్నాడు. రెండవసారి నీళ్ల వంతు తనదని పార భుజము మీద వేసికొని పోవుచు, "యాసంగి కోతలయినంక చెప్త అయ్యగారూ, ఇప్పుడు యాడికీ పోవుడు కాదు" అన్నాడు.